కూతురి కాన్పుకు అమెరికా ప్రయాణం: నా డబ్బు నా చేతిలో ఎలా ఉంటుంది?

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు పంపిన సుదీర్ఘమైన ఉత్తరాన్ని క్లుప్తంగా ఇక్కడ ఇస్తున్నాను. ఆమెకు 60 ఏళ్లు. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి ఈ మధ్యే మానుకున్నారు. భర్తకు 64 ఏళ్లు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరై బ్యాంకు ద్వారా పింఛను అందుకుంటున్నారు. డాలస్‌లో ఉంటున్న కూతురికి జనవరి చివర తొలి కాన్పు. దంపతులిద్దరూ డిసెంబరు మొదటి వారంలో బయలుదేరి ఆరు నెలలు ఉండి రావాలనుకుంటున్నారు. ఇద్దరికీ 2033 వరకు చెల్లే పర్యాటక వీసాలు ఉన్నాయి కానీ, దేశం దాటి వెళ్లడం ఇదే మొదటిసారి.

చిక్కులు ఇవి. ఆమె తన జీతంలో దాచుకున్న 5 లక్షల రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి, దానికి మరికొంత కలిపి, తెలిసిన వ్యాపారి దగ్గర 8,000 డాలర్ల నోట్లు కొని తన సంచిలోనే పెట్టుకుంటానని భర్త అంటున్నారు. బ్యాంకుకు వెళ్తే 20 శాతం పన్ను పట్టుకుంటారని, ఆ వ్యాపారి డాలరుకు రూపాయిన్నర తక్కువకే ఇస్తున్నాడని ఆయన వాదన. అల్లుడు మాత్రం రూపాయి కూడా తేవద్దని, తన క్రెడిట్ కార్డుకు అనుబంధంగా ఒక కార్డు ఇప్పిస్తానని అంటున్నాడు. ఆమె పాస్‌పోర్టు, ఆధార్ మెట్టినింటి ఇంటిపేరుతోనూ, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా పుట్టింటి ఇంటిపేరుతోనూ ఉన్నాయి. మేనల్లుడు చేయించిన టికెట్టులో ఇంటిపేరు స్థానంలో ఒక్క పొడి అక్షరమే ఉంది. భర్త పాస్‌పోర్టు ఏప్రిల్‌లో ముగుస్తుంది. కొత్తది తీసుకుంటే అందులోని వీసా పోతుందని ఆయన కదలడం లేదు. ఆమెకు బీపీ, షుగరు ఉన్నాయి, ఆయనకు మూడేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. తోడికోడలు తన కొడుక్కి ఇమ్మని ఒక బంగారు గొలుసు, కట్టేసిన పార్సిలు పంపుతానంటోంది. "ప్రతి మాత్రకూ అల్లుడి ముందు చేయి చాపలేను, నా డబ్బు ఆయన సంచిలో పెట్టి ప్రతి ఖర్చుకూ లెక్క చెప్పుకోనూలేను. నా మాట ఇంట్లో చెల్లేదెలా?" అని ఆమె అడిగారు.

అమ్మా, ముందుగా ఒక విన్నపం. ఈ సమాధానం పూర్తిగా చదివేదాకా ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయకండి. మీ వారి నిర్ణయమంతా 20 శాతం పన్ను అనే ఒక్క భయం మీద నిలబడి ఉంది. మీ విషయంలో ఆ భయానికి ఆధారం లేదు. విదేశీ ప్రయాణానికి కొనే డాలర్ల మీద మూలంలోనే వసూలు చేసే పన్ను ఒకటి ఉన్నమాట నిజమే. అయితే 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో ఈ పద్ధతిలో కొన్నది 10 లక్షల రూపాయలు దాటితేనే, ఆ దాటిన భాగానికి మాత్రమే 20 శాతం వసూలు చేస్తారు. అలా వసూలు చేసినది కూడా పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, లేదా తిరిగి వస్తుంది. ఈ పరిమితిని మీకూ ఆయనకూ విడివిడిగానే లెక్కిస్తారు. మీ 5 లక్షలు ఆ గీతకు సగం దూరంలోనే ఉన్నాయి. ఇక డాలర్లు కొనేటప్పుడు తప్పనిసరిగా పడేది జీఎస్‌టీ. 4 లక్షల రూపాయల విలువైన డాలర్లు ఒకేసారి కొంటే అది 450 రూపాయలు. అంతకు మించి బ్యాంకు తీసుకునేదల్లా తన మారకపు రేటులో కలుపుకున్న లాభం, కార్డు ఇచ్చినందుకు తీసుకునే చిన్న రుసుము.

ఇప్పుడు ఆ వ్యాపారి సంగతి. డాలరుకు రూపాయిన్నర చొప్పున 8,000 డాలర్లకు మిగిలేది 12,000 రూపాయలు. దాని కోసం మీ వారు తలకెత్తుకుంటున్న ప్రమాదం చూడండి. రిజర్వ్ బ్యాంకు అనుమతి పొందిన బ్యాంకుల దగ్గర, మనీ ఛేంజర్ల దగ్గర తప్ప మరెవరి దగ్గరా విదేశీ నోట్లు కొనడానికి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం ఒప్పుకోదు. ఉల్లంఘిస్తే ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా వేయవచ్చు. పైగా అమెరికా వంటి దేశాలకు వెళ్లేటప్పుడు ఒక్కొక్కరు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే నోట్ల రూపంలో తీసుకోవాలి, మిగిలింది కార్డు వంటి రూపాల్లో ఉండాలి. ఒక్కరి సంచిలో 8,000 డాలర్ల నోట్లు శంషాబాద్‌లో కస్టమ్స్ వారి కంట పడితే మొదట అడిగేది రసీదు. ఆ వ్యాపారి రసీదు ఇవ్వడు. నోట్లు జప్తయితే పోయేది ఆయన మాట ఒక్కటే కాదు, మీరు ఏళ్ల తరబడి దాచుకున్న జీతం. నోట్లలో ఒకటి నకిలీదని అక్కడి దుకాణంలో తేలితే ఫిర్యాదు చేసుకోవడానికి కూడా మీకు ఆధారం ఉండదు. ఈ ఒక్క దారి మాత్రం వద్దని గట్టిగానే చెబుతున్నాను. మిగిలిన విషయాల్లో ఎంచుకునే హక్కు మీదే.

చట్టం ఒప్పుకునే దారుల్లో మొదటిది మీ పేరు మీద ఫారెక్స్ కార్డు. బ్యాంకులో గానీ, అబిడ్స్, సికింద్రాబాద్, బంజారాహిల్స్ ప్రాంతాల్లోని అనుమతి పొందిన మనీ ఛేంజర్ల దగ్గర గానీ పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, పాన్ చూపించి, రూపాయలు కట్టి డాలర్లు నింపించుకుంటారు. నింపిన రోజు రేటే ఖాయమవుతుంది. అక్కడ ఎంత ఖర్చు పెట్టారో, ఎంత మిగిలిందో ఎవరినీ అడగకుండా మీ ఫోనులోనే చూసుకోవచ్చు. పోగొట్టుకుంటే ఆపించవచ్చు, నోట్లు పోతే ఆపించలేరు. మీ మనసులో ఉన్న ఇబ్బందికి ఇదే దగ్గరి జవాబని నాకు అనిపిస్తోంది. రెండోది మీ మామూలు డెబిట్ కార్డు. అదనంగా ఏమీ కొననక్కరలేదు కానీ, వాడిన ప్రతిసారీ బ్యాంకును బట్టి 2 నుంచి 3.5 శాతం దాకా అదనపు రుసుము, దాని మీద జీఎస్‌టీ పడతాయి. 2020 అక్టోబరు నుంచి అమలులో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడుకకు మాత్రమే తెరిచి ఉంటాయి, విదేశీ వాడుకను మీరే బ్యాంకు యాప్‌లో తెరవాలి. దీన్ని అత్యవసరానికి ఉంచుకోండి. మూడోది అల్లుడు ఇస్తానన్న కార్డు. అతని మర్యాదను తోసిపుచ్చనక్కరలేదు. ఇంటి సరుకులకు, బిడ్డ అవసరాలకు ఆ కార్డే వాడతానని చెప్పి తీసుకోవచ్చు. మీరు వాడిన ప్రతి పైసా అతని బిల్లులో కనబడుతుందని మాత్రం గుర్తుంచుకోండి. మీ మందులు, మీ చీర, మనవడికో మనవరాలికో మీరు కొనే మొదటి బహుమతి మీ కార్డు మీదే ఉంటే మీకు మనశ్శాంతి, అతనికీ నొప్పి ఉండదు.

నేనైతే మీ 5 లక్షలనూ ఖాళీ చేయమనను. ఒక లక్ష ఇక్కడే ఉండనివ్వండి. తిరిగి వచ్చిన నెలలో ఆ డబ్బుతో పని పడుతుంది. మిగిలిన దానిలో వెయ్యి డాలర్ల లోపు నోట్లుగా, అందులోనూ కొన్ని 5, 10, 20 డాలర్ల నోట్లుగా తీసుకుని, తక్కినది కార్డులో నింపించండి. డబ్బు మీ ఖాతా నుంచే బదిలీ కావాలి. 50,000 రూపాయలు దాటితే నగదు ఇచ్చి డాలర్లు కొనడానికి వీల్లేదు. శంషాబాద్ విమానాశ్రయం కౌంటర్ల దాకా ఆగకండి, అక్కడి రేటు సాధారణంగా ఊళ్లో కంటే ఖరీదు. మధ్యలో దిగే విమానాశ్రయంలో కాఫీ తాగినా, కార్డు యంత్రం మీద ‘రూపాయల్లో చెల్లిస్తారా’ అని అడిగితే వద్దని, ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే రేటును ఆ యంత్రం యజమాని నిర్ణయిస్తాడు. కొన్ని లావాదేవీలకు ఓటీపీ మీ హైదరాబాదు నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్‌కు రోమింగు బయలుదేరకముందే తెరిపించుకోవాలి. ఇది మరిచిపోయి అక్కడికి వెళ్లాక అవస్థ పడినవారు చాలామంది నాకు తెలుసు. మిగిలిన డాలర్ల గురించి కూడా దిగులు వద్దు. తిరిగి వచ్చాక 2,000 డాలర్ల వరకు ఉంచుకోవచ్చు, అంతకు మించిన వాటిని 180 రోజుల్లోగా బ్యాంకుకు అమ్మేయాలి. కొన్నప్పుడు ఇచ్చిన రసీదును పాస్‌పోర్టుతో పాటు చేతి సంచిలో ఉంచుకోండి.

అయితే ఈ కార్డుకు పాన్ తప్పనిసరి. మీ పాన్‌లో పేరు వేరు, పాస్‌పోర్టులో పేరు వేరు. కాబట్టి డబ్బు సమస్యకు ముందు పేరు సమస్య తేలాలి. ఏ కాగితాన్ని మార్చాలన్నది ఇక్కడ అసలు ప్రశ్న. మీ వీసా పాస్‌పోర్టులోని పేరు మీద ఉంది, ఆధార్ కూడా ఆ పేరుతోనే ఉంది. పాస్‌పోర్టును కదిలిస్తే వీసా దాకా కదులుతుంది. పాన్‌ను కదిలిస్తే బ్యాంకు ఖాతా ఒక్కటే కదులుతుంది. అందుకే పాన్‌ను సరిచేయించడమే తేలిక. పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్పుకు వివాహ ధ్రువపత్రం లేకపోయినా, భర్త పేరు ఉన్న పాస్‌పోర్టు నకలును పాన్ సవరణకు ఆధారంగా అంగీకరిస్తారు. రుసుము వంద రూపాయల పైచిలుకే. కొత్త పాన్ చేతికి రాగానే పాస్‌పోర్టుతో కలిపి బ్యాంకులో ఇచ్చి ఖాతాలో, డిపాజిట్‌లో పేరు మార్పించండి. రెండూ కలిపి కొన్ని వారాల పని కనుక ఈ వారమే మొదలుపెట్టాలి. రెండు పేర్లూ మీవేనని నోటరీ అఫిడవిట్ ఇచ్చి నడిపించే దారి ఒకటి ఉన్నా, అది ఎదుట కూర్చున్న అధికారి ఒప్పుకోలు మీద ఆధారపడుతుంది. మరీ గడువు ముంచుకొస్తే మీ డబ్బును భర్త ఖాతాకు పంపి ఆయన పేరు మీద కార్డు తీసుకోవచ్చు. అప్పుడు పని త్వరగా అవుతుంది కానీ, కార్డు ఆయనది, సందేశాలు ఆయన ఫోనుకు, లెక్క ఆయన దగ్గర. మీరు దేన్ని తప్పించుకోవాలని రాశారో అదే తిరిగి వస్తుంది.

టికెట్టు విషయంలో సందేహానికి తావే లేదు. అమెరికా వెళ్లే విమానంలో ప్రయాణికుల పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన తెలుగువాళ్లం ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా ముందు రాసుకోవడం అలవాటే, కానీ పాస్‌పోర్టులో అది పూర్తిగా ఉన్నప్పుడు టికెట్టులోనూ పూర్తిగానే ఉండాలి. మీ మేనల్లుడు ఎవరి ద్వారా కొన్నాడో వారి ద్వారానే సవరణ అడిగించండి. పొడి అక్షరం బదులు ఇంటిపేరును పూర్తిగా రాయడం మనిషిని మార్చడం కాదు కనుక ముందుగా అడిగితే సాధారణంగా కుదురుతుంది. చెక్-ఇన్ కౌంటరు దగ్గర తేల్చుకుందామని వదిలేస్తే అది వారి దయ మీద ఆధారపడుతుంది.

మీ వారి పాస్‌పోర్టుకు మూడు దారులున్నాయి. మొదటిది, ఇప్పుడే కొత్తది తీసుకోవడం. ముగియడానికి ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. 36 పేజీల దానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. పాత పాస్‌పోర్టును రద్దు ముద్ర వేసి తిరిగి ఇస్తారు. వీసా ఉన్న పేజీ చెడిపోకుండా ఉంటే ఆ వీసా 2033 దాకా చెల్లుతుంది. పాతదీ కొత్తదీ రెండూ వెంట తీసుకెళ్తే చాలు. కౌంటరు దగ్గర ‘ఇందులో చెల్లే వీసా ఉంది, ఆ పేజీ జాగ్రత్త’ అని ఒక మాట చెప్పమనండి. కొత్త నంబరును విమాన సంస్థకు తెలియజేయాలి. రెండోది, ఉన్నదానితోనే బయలుదేరడం. భారత పాస్‌పోర్టుల విషయంలో అమెరికా ‘ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి’ అనే నియమాన్ని సడలించింది కాబట్టి ఆయనను వెనక్కి పంపరు. కానీ మధ్యలో దిగే దేశం, విమాన సంస్థ ఆరు నెలల గడువు అడిగే అవకాశం ఉంది, అమెరికాలో దిగాక అధికారి ఆయన ఉండే గడువును పాస్‌పోర్టు ముగిసే ఏప్రిల్ తేదీకే కుదించవచ్చు. మీకు జూన్ దాకా, ఆయనకు ఏప్రిల్ దాకా అయితే, అక్కడి భారత కాన్సులేటు ద్వారా కొత్త పాస్‌పోర్టు, ఆ పైన బస పొడిగింపుకు వేరే దరఖాస్తు, దానికి వేరే రుసుము. టెక్సస్ వారికి కాన్సులేటు హ్యూస్టన్‌లో ఉంది. మూడోది, ఇద్దరూ ఏప్రిల్ లోపే తిరిగి వచ్చేలా టికెట్టు మార్చుకోవడం. మూడు నెలల దగ్గర మీ కూతురికి మీ అవసరం ఎంత ఉంటుందో ఆమెనే అడిగి తేల్చుకోండి. మొదటి దారికి పడేది ఒక్క రోజు తిరుగుడు కనుక నా మొగ్గు దాని వైపే.

వీసా 2033 దాకా ఉందన్న ధీమాలో మరో పొరపాటు దాగి ఉంది. అది అమెరికా వాకిలి దాకా వెళ్లడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో దిగిన చోట అధికారి నిర్ణయిస్తారు, సాధారణంగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. వెళ్లిన మర్నాడే కూతురి చేత దాన్ని అంతర్జాలంలో తీయించి ఇద్దరి తేదీలూ విడివిడిగా రాసి పెట్టుకోండి. ఆ తేదీ దాటి ఉండిపోతే వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులకు పైగా దాటితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు. ‘ఎందుకు వచ్చారు’ అని అడిగితే ఉన్న మాటే చెప్పండి: కూతురి కాన్పుకు వచ్చాం, ఫలానా తేదీకి తిరుగు టికెట్టు ఉంది. ఎవరో నేర్పిన వేరే కథ చెప్పకండి. అబద్ధమని తేలితే దాని శిక్ష జీవితాంతం వెంటాడుతుంది.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేసిన విషయం నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. బీపీ, షుగరు, స్టెంటు ఉన్న ఇద్దరు మనుషులు బీమా గురించి ఇంకా ఆలోచించలేదు. అమెరికాలో ఛాతీ నొప్పితో ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంటే వచ్చే బిల్లు మీ 5 లక్షలను మింగేసి అల్లుడి దాకా వెళ్తుంది. చేయి చాపకూడదన్న మీ పట్టుదలకు అసలు పరీక్ష అక్కడ వస్తుంది. అల్లుడి కంపెనీ బీమా సాధారణంగా అత్తమామలకు వర్తించదు. ఇక్కడి సంస్థల ప్రయాణ బీమా చవక, తెలుగులో మాట్లాడి తెలుసుకోవచ్చు, కానీ ముందు నుంచీ ఉన్న జబ్బులకు చాలా పాలసీలు ప్రాణాపాయ స్థితిలో, అదీ ఒక పరిమితి దాకానే చెల్లిస్తాయి. అమెరికాలో సందర్శకులకు అమ్మే పాలసీల ప్రీమియం ఎక్కువ. వాటిలోనూ ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే గీత గీసినవి, మొత్తం బిల్లులో అధిక భాగం భరించేవి అని రెండు రకాలున్నాయి. మొదటి రకం చవకగా కనిపించి అవసరంలో చేతులెత్తేస్తుంది. పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే చెల్లిస్తామనే షరతు ఉన్న రెండో రకాన్ని మీ కూతురి చేత వెతికించండి. ఆ షరతుకు వయోపరిమితి ఉంటుంది, ఇప్పుడైతే మీ ఇద్దరికీ అందుబాటులోనే ఉంది. ఏ పాలసీ తీసుకున్నా స్టెంటు సంగతి దాచవద్దు. దాచిన జబ్బు బయటపడితే బీమా సంస్థ చెల్లించదు.

మందులు మూడు నెలలకు మించకుండా, అసలు ప్యాకింగులోనే, డాక్టరు రాసిన చీటీతో తీసుకెళ్లండి. ఆ చీటీలో బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించాలి, మన బ్రాండ్లు అక్కడ ఎవరికీ తెలియవు. ఆ తరువాతి మూడు నెలలకు అక్కడే డాక్టరును చూడాల్సి రావచ్చని లెక్కలో వేసుకోండి.

తోడికోడలి పార్సిలు గురించి కరుకుగా ఉన్నా చెప్పక తప్పదు. మీ సామానులో ఉన్న ప్రతి వస్తువుకూ జవాబు మీరే చెప్పాలి కాబట్టి, కట్టేసిన పార్సిలు తీసుకోకండి. విప్పి, మీ కళ్లముందు సర్దితే తీసుకెళ్తానని చెప్పండి, అందులో నొచ్చుకోవాల్సింది లేదు. గొలుసు మాత్రం వద్దనే అనండి. మీ సొంత నగలు తీసుకెళ్తుంటే శంషాబాద్ కస్టమ్స్ వారి దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు సుంకం ప్రశ్న రాదు. ఆవకాయ, పొడులు తీసుకెళ్లవచ్చు, కానీ తినే వస్తువులు ఉన్నాయని అక్కడి కస్టమ్స్‌లో చెప్పాలి. పచ్చి కరివేపాకుకు అనుమతి లేదు.

మీ వారి పింఛనుకు నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం బయలుదేరేలోగా ఇచ్చేయమనండి. ఇవ్వకుండా వెళ్తే పింఛను ఆగుతుంది, అక్కడ కాన్సులేటు చుట్టూ తిరగాల్సి రావచ్చు.

ఇంట్లో మాట చెల్లడం గురించి అడిగారు. ఆయన మీ డబ్బు కాజేయాలని చూస్తున్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. తెలియని దేశంలో చేతిలో నోట్లు లేకపోతే ఏమవుతుందోనన్న బెంగ మాత్రం కనిపిస్తోంది. ‘నా డబ్బు నా ఇష్టం’ అని మొదలుపెడితే అది తగువవుతుంది, ఆ తగువులో మీరు నెగ్గినా ఆరు నెలల ప్రయాణం మీద దాని నీడ పడుతుంది. అలాగని మౌనంగా డిపాజిట్ ఇచ్చేస్తే ఆ మౌనాన్ని డాలస్ దాకా మోయాలి. మధ్యలో ఒక పని చేయవచ్చు. ఒకే రోజు ఒక బ్యాంకులో, ఒక మనీ ఛేంజరు దగ్గర రేటు కాగితం మీద రాయించుకుని, జీఎస్‌టీ కలిపి, వ్యాపారి చెప్పిన రేటు పక్కన పెట్టి ఆయనకు చూపించండి. 20 శాతం అన్నది ఎక్కడా లేదని ఆయన కళ్లతో చూడనివ్వండి. నోట్లు ఉంటే ధైర్యమన్న ఆయన మాటను మన్నించి, ఆయన సొమ్ముతో, ఆయన పేరు మీద, రసీదుతో 3,000 డాలర్ల లోపు నోట్లు ఆయననే కొనుక్కోమనండి. మీ కార్డు మీ పేరు మీద మీరు తీసుకోండి. అందుకు కావలసిన పాన్ సవరణ దరఖాస్తుకు ఆయన అనుమతి గానీ సంతకం గానీ అక్కర్లేదు. మీ పాస్‌పోర్టు నకలు, రెండు ఫోటోలు, మీ సంతకం ఉంటే రేపే ఇచ్చి రావచ్చు.